గద్వాల మగ్గం పక్కన తేలికపాటి డెస్క్‌టాప్

గద్వాల నుంచి వచ్చి వారమైంది. చీర తెచ్చావా అని అడిగిన వాళ్లందరికీ లేదని చెప్పాను. మరి ఏం చేసి వచ్చావని అడిగిన వాళ్లకు, ఒక కంప్యూటర్ తెర మీద పట్టీలు అటూ ఇటూ జరిపి వచ్చానని చెప్పాను. ఆ తర్వాత ఎవరూ ఏమీ అడగలేదు. అందుకే రాస్తున్నాను.

బయలుదేరడానికి కారణం

పాత కంప్యూటర్లకు లైనక్స్ ఎక్కించడం నాకు అలవాటు. మా ఇంట్లో దానికి వేరే పేరుంది, అది ఇక్కడ రాయను. కంప్యూటర్ తెరవగానే కనిపించే పట్టీలు, మెనూ, కిటికీల అంచులు, చిన్న చిన్న బొమ్మలు, ఇవన్నీ యంత్రంతో పాటే పుట్టాయని చాలామంది అనుకుంటారు. లైనక్స్‌లో అది విడిగా దొరికే సరుకు. డెస్క్‌టాప్ ఎన్విరాన్‌మెంట్ అంటారు. నచ్చకపోతే తీసేసి ఇంకొకటి పెట్టుకోవచ్చు. కొన్నిటికి నీడలు, మెరుపులు, హంగామా ఎక్కువ. ఎక్స్‌ఎఫ్‌సీఈ లాంటివి తేలిక. ముసలి యంత్రం మీద కూడా ఆయాసపడకుండా నడుస్తాయి. పైగా ఏ పట్టీ ఎక్కడ ఉండాలో, ఏ రంగులో ఉండాలో మనమే చెప్పొచ్చు. నేను ఏళ్ల తరబడి చెబుతూనే ఉన్నాను. నా డెస్క్‌టాప్ చూసిన వాళ్లు మెచ్చుకుంటారు. దాని మీద ఏం పని చేశావని మాత్రం ఎవరూ అడక్కూడదు.

నాగర్‌కర్నూలులో పెళ్లి పత్రికలు, ఫ్లెక్సీలు వేసే యాదయ్య నాకు ఈ పిచ్చి వల్లే పరిచయం. ఒకరోజు ఫోన్ చేశాడు. గద్వాలలో ఉన్న ఆయన మేనకోడలు సుజాత కంప్యూటర్ పడుకుందట, లేవడం లేదట. సుజాత అత్తగారిది చేనేత ఇల్లు. చీర అంచుల మీద వచ్చే బొమ్మలు ఆమె కంప్యూటర్‌లో గళ్ల మీద గీస్తుంది. ఆ గళ్లను బట్టి అట్టలకు చిల్లులు కొడతారు, ఆ అట్టల దండ మగ్గం నెత్తిన వేలాడుతూ ఏ దారం లేవాలో చెబుతుంది. ఇన్నాళ్లూ సుజాత గీసినవన్నీ పాత అంచులకు నకళ్లే. మొదటిసారి సొంతంగా ఒకటి మొదలుపెట్టింది. అది సగంలో ఉండగా యంత్రం మొండికేసింది.

తొందరెందుకంటే, ఆమె మామ మగ్గం మీద పడుగు, అంటే నిలువు దారాల చుట్ట, అయిపోవచ్చింది. కొత్త పడుగు ఎక్కే ముందే ఏ అట్టలు వేలాడాలో ఆయన తేల్చాలి. ఆలోగా సుజాత బొమ్మ చూపించి ఒప్పించకపోతే పాత అట్టలే ఉంటాయి. మళ్లీ మార్చేది ఎండాకాలంలోనే.

“నువ్వొస్తె లేస్తది సారు,” అన్నాడు యాదయ్య. “ఇగ నీ ఇష్టం.”

నా ఇష్టం మీద ఇంత నమ్మకం పెట్టిన మనిషి ఈ మధ్య ఎవరూ తగల్లేదు. రెండు చొక్కాలు, లైనక్స్ ఉన్న ఒక పెన్‌డ్రైవ్ సంచిలో వేసుకుని హైదరాబాద్‌లో బస్సెక్కాను.

నాగర్‌కర్నూలు: ముఖాల మీద నొక్కడం

మాది భీమవరం. మా వైపు కొత్తవాణ్ణి “మీరు” అని పిలిచి, వాడు వెళ్లాక మిగతాది మాట్లాడుకుంటారు. ఇక్కడ ముఖం మీదే “వచ్చినవా సారు, తిన్నవా సారు” అంటారు. గౌరవమంతా ఆ సారులో పెట్టేసి, మిగతా వాక్యాన్ని ఇంటివాడితో మాట్లాడినట్టు మాట్లాడతారు. మొదటి గంట కొంచెం ఉలిక్కిపడ్డాను. రెండో గంట నుంచి ఎవరైనా “మీరు” అంటే ఏం తప్పు చేశానా అనిపించింది.

బస్టాండు దగ్గర టీ పది రూపాయలు. గ్లాసు చూస్తే దగ్గు మందు మోతాదు. కానీ యాదయ్య దుకాణంలో కూర్చున్నంతసేపూ అది వస్తూనే ఉంది.

ఆయన డెస్క్‌టాప్ నేను ఇంతవరకు చూసిన వాటన్నిటిలోనూ ప్రత్యేకం. ఆ వైపు ఫ్లెక్సీల్లో పైన నాయకుడి పెద్ద ముఖం, కింద వరసగా అభిమానుల చిన్న ముఖాలు ఉంటాయి కదా. యాదయ్య తెర కూడా అచ్చం అలాగే తయారు చేసుకున్నాడు. కింది పట్టీలో ప్రోగ్రాముల గుర్తులకు బదులు ఇంట్లోవాళ్ల ఫొటోలు. తమ్ముడి ముఖం నొక్కితే చెత్తబుట్ట తెరుచుకుంటుంది. ఏది ఇచ్చినా లోపలేసుకుంటాడట, అడిగితే తిరిగిస్తాడట. ఆయన సొంత ముఖం నొక్కితే కంప్యూటర్ ఆగిపోతుంది, రోజూ దుకాణం మూసేది తానే కాబట్టి. భార్య ముఖం నొక్కితే నల్ల తెర వస్తుంది, ఆదేశాలు అక్షరం అక్షరం టైపు చేసే చోటు.

ఎందుకని అడిగాను.

“ఒక్క అక్షరం తప్పు చెప్పినా ఊకోదు సారు. గిది గూడ గంతే.”

పక్క గదిలోంచి ఆమె, వినబడుతున్నదని అంది. యాదయ్య మెల్లిగా తన ముఖం వైపు మౌస్ జరిపాడు.

నేను తెచ్చిన కొత్త రకం చూపిస్తానని నా పెన్‌డ్రైవ్ ఆయన కంప్యూటర్‌కు పెట్టాను. ఇద్దరం ఒక గంట రంగులు మార్చుకుని సంతోషించాం. లేచేటప్పుడు బల్ల మీది పెన్‌డ్రైవ్ తీసి జేబులో వేసుకున్నాను. ఈ వాక్యం సాదాగా కనిపిస్తుంది. అప్పుడు నాకూ సాదాగానే కనిపించింది.

సుజాత యంత్రంలో మెమరీ మరీ తక్కువని, దానికి సరిపోయే ర్యామ్ ముక్క ఇప్పుడు కొత్తది దొరకదని యాదయ్య చెప్పాడు. వనపర్తిలో మరియమ్మ దగ్గర ఒక చచ్చిన కంప్యూటర్ ఉంది, అందులోది పనికొస్తుంది, ఆమెతో మాట్లాడాను, పో అన్నాడు.

వనపర్తి: గడియారం కనబడకూడదు

మరియమ్మ ఇంటి పక్కనే చిన్న చర్చి. ఒకటే గది, నీలం తలుపులు. చాలా ఏళ్లు ఆమె, భర్త పూణె వైపు బిల్డింగు పనులకు పోయి వచ్చారు. ఇప్పుడు ఆయన ఒక్కడే పోతాడు, ఆమె ఊళ్లో కూలికి పోతూ ఆదివారం చర్చిలో పాటలు చూసుకుంటుంది. ఎవరో దానంగా ఇచ్చిన రెండు కంప్యూటర్లలో ఒకటి పోయింది, ఒకటి నడుస్తోంది. దాని మీద యాదయ్య తేలికపాటి డెస్క్‌టాప్ ఎక్కించాడు. పాట సాహిత్యం టీవీ తెర మీద వేస్తారు.

ర్యామ్‌కు డబ్బు తీసుకోనంది. ఒక షరతు పెట్టింది. తెర మీద పాట తప్ప ఇంకేమీ కనబడకూడదు.

పట్టీ దానంతట అదే దాక్కునేలా చేశాను. గుర్తులన్నీ తీసేశాను. అక్షరాలు చివరి బెంచీకి కనబడేంత పెద్దవి చేశాను. మూలన ఉన్న చిన్న గడియారం వదిలేశాను, ఉపయోగం కదా అని.

“అదే ముందుగాల తియ్యాలన్నా,” అంది. “పాస్టరయ్య వాక్యం చెప్తుంటె అందరు దాన్నే చూస్తరు. ఆయన గూడ చూస్తడు.”

తీసేశాను. డెస్క్‌టాప్‌ల గురించి నేను చదివిన సలహాలన్నిటిలోకీ మనిషి స్వభావం తెలిసిన సలహా ఇదే.

తర్వాత జొన్నరొట్టె, గంగవాయిలి కూర వేసిన పప్పు, నూరిన పల్లి కారం. మా గోదావరి జిల్లావాళ్లం కారం తింటామని అందరితో చెప్పుకుంటాం. రెండో రొట్టెకు ఆ మాట వెనక్కి తీసుకున్నాను. మూడో రొట్టె అడగకుండానే వచ్చింది. మా వైపు అతిథి వద్దంటే ఇంకోసారి అడుగుతారు. ఇక్కడ అడగడమనే ఘట్టం లేదు, కంచం ఖాళీ అయితే అదే జవాబు.

ర్యామ్ ముక్కను ఆమె క్రిస్మస్ అలంకరణకు తెచ్చిన వెండి కాగితంలో చుట్టి ఇచ్చింది. ఎలక్ట్రానిక్ శాస్త్రం దీన్ని ఒప్పుకుంటుందో లేదో తెలియదు. చూడటానికి మాత్రం లోపల ఏదో తీపి ఉన్నట్టుంది. సుజాత కోసమని చెబితే, ఎవరో తెలియకపోయినా, ఆమె పని ఆగొద్దని ఒక్క నిమిషం కళ్లు మూసుకుని ప్రార్థించింది. నా పెన్‌డ్రైవ్ గురించి కూడా ఒక మాట కలిపి ఉంటే బాగుండేది. ఆ సంగతి అప్పటికి ఇద్దరికీ తెలియదు.

బీచుపల్లి వంతెన మీద

పెబ్బేరు దాటాక కృష్ణ వచ్చింది. బస్సులో సగం మంది నాణేలు విసిరారు, మిగతా సగం దండం పెట్టారు. మా గోదావరి మీద రైలు వెళ్తున్నప్పుడూ ఇంతే.

పక్క సీటాయనది గద్వాల దగ్గర విత్తన పత్తి చేను. క్రాసింగు పనులు జోరుగా ఉన్నాయన్నాడు. పొద్దున్నే ఆడవాళ్లు వరసగా నడుస్తూ ఒక పువ్వు తెచ్చి ఇంకో పువ్వుకు రాస్తారు, చేను మొత్తం పువ్వు పువ్వుకూ అలా చేయాలి. నన్ను ఏం పనని అడిగాడు. పాత కంప్యూటర్‌ను తేలిక చేయడానికి వెళ్తున్నానన్నాను. కాసేపు ఆలోచించి, ఆ పని చేయనీకె హైదరాబాద్‌ నుంచి రావాల్నా అన్నాడు. ఆ ప్రశ్న నాకూ ఉంది. ఇంటికొచ్చాక కూడా ఉంది.

గద్వాల: మొదటి రోజు

ఆటో దిగి కోట పక్కగా నడుస్తుంటే మూడు దుకాణాలవాళ్లు పిలిచి, అగ్గిపెట్టెలో పట్టే చీర గురించి చెప్పారు. అగ్గిపెట్టె చూపించమంటే ముగ్గురూ కూల్‌డ్రింక్ తెప్పిస్తామన్నారు.

సుజాత ఇల్లు సందు చివర. ముందు గదిలో రెండు మగ్గాలు. ఒకదాని మీద ఆమె భర్త రమేశ్, ఇంకోదాని మీద మామ వెంకటయ్య. మగ్గాలకు మూడడుగుల దూరంలో, దారపు కండెల బుట్టల మధ్య, కంప్యూటర్. మూతబడిన ఇంటర్నెట్ సెంటర్ నుంచి కొన్నదట. దాని మీద దుమ్ము లేదు, కుంకుమ బొట్టుంది.

వెంకటయ్య భార్యది రాయచూరు వైపు. ఆ చుట్టరికం వల్ల ఆయన అతిథిని కన్నడంలో పలకరిస్తాడు. “ఊట ఆయ్తా?” అన్నాడు. భోజనమైందా అని. ఆ తర్వాత నా వైపు చూడలేదు, మగ్గం వైపే చూశాడు. పడుగు చుట్టిన దోనె మీద దారం బాగా పలచబడింది. రేపు సాయంత్రానికి అయిపోతుందని సుజాత మెల్లిగా చెప్పింది.

ర్యామ్ బిగించాను, పట్టింది. పెన్‌డ్రైవ్ పెట్టాను. లైనక్స్ రాలేదు. రమేశ్ ఫోన్‌కు తగిలించి చూస్తే, ఒక అమ్మాయి ఓణీల ఫంక్షన్ ఆహ్వాన పత్రిక కనబడింది. దాని వెనక రెండు లగ్గం పత్రికలు, ఒక గృహప్రవేశం. యాదయ్యదీ నాదీ రెండూ నల్ల పెన్‌డ్రైవ్‌లే.

ఫోన్ చేశాను. ఆయనకు అప్పుడే తెలిసిందట, ఓణీల ఫంక్షన్ వాళ్లు దుకాణంలో కూర్చుని ఉన్నారట. కొత్తగా తయారు చేసుకుందామంటే ఇంకో కంప్యూటర్ కావాలి, ఉన్నది ముందే పడుకుని ఉంది. సుజాత బుట్టలోంచి ఒక కండె తీసి, దారం సరిగానే ఉన్నా విప్పి మళ్లీ చుట్టడం మొదలుపెట్టింది.

మా భీమవరంలో అయితే కొరియర్ గురించి ఆలోచించేవాళ్లం. యాదయ్య ఆలోచించనే లేదు. పొద్దున మొదటి బస్సు డ్రైవరు చేతికి ఇస్తున్న, బండి నంబరు చెప్త, రాసుకో అన్నాడు.

గద్వాల: రెండో రోజు

బస్టాండులో ఉగ్గాని, బజ్జీ తిన్నాను. నానబెట్టిన బొరుగులను తాలింపు వేసి, మీద పుట్నాల పొడి చల్లుతారు. మా ఊళ్లో బొరుగులు సాయంత్రం కాలక్షేపం. ఇక్కడ వాటికి పొద్దున పూట ఉద్యోగం ఇచ్చారు. బస్సు వచ్చింది. డ్రైవరు తన టిఫిన్ డబ్బా సంచిలోంచి పెన్‌డ్రైవ్ తీసి, లగ్గం పత్రికనా అని అడిగాడు. అవునన్నాను. వివరించడం కన్నా తేలిక.

పది గంటలకల్లా ఎక్స్‌ఎఫ్‌సీఈ లేచింది. సుజాత పాత ఫైళ్లు చెక్కుచెదరలేదు. బొమ్మలు దిద్దే జింప్ ప్రోగ్రాంలో గళ్లు పెట్టి చూపించగానే ఆమె నా చేతిలోంచి మౌస్ తీసుకుంది. తిరిగి ఇవ్వలేదు.

నేను వచ్చిన పని అయిపోయింది కానీ, నాకు తెలిసింది చెప్పకుండా ఉండలేను. పట్టీలు ఎలా జరపాలో చూపించాను. ఒకే తెరలో రెండు మూడు వర్క్‌స్పేస్‌లు, అంటే ఒకదాని వెనక ఒకటి గదుల్లాగా, పెట్టుకోవచ్చని, ఖాళీ చోట మౌస్ చక్రం తిప్పితే ఒక గదిలోంచి ఇంకో గదిలోకి పోవచ్చని, దేనికి దానికి వేరే వాల్‌పేపర్ పెట్టుకోవచ్చని చెప్పాను. నేను ఏళ్లుగా నాలుగు పెట్టుకున్నాను. మూడింట్లోకి ఎప్పుడూ వెళ్లలేదు.

పదకొండుకల్లా ఆమె తెరకు కింద పట్టీ లేదు. ఎడమ వైపు ఒకటి, కుడి వైపు ఒకటి నిలువుగా పెట్టింది, ఎర్ర రంగులో. మధ్యలో అంతా ఖాళీ, పాలమీగడ రంగు. ఇదేంటని అడిగితే నన్ను వింతగా చూసింది.

“రెండు అంచులు, నడుమ చీర ఒళ్లు. ఇంకెట్ల ఉంటది?”

మధ్యాహ్నానికి బొమ్మ పూర్తయింది. హంసలు కావు, మామిడి పిందెలు కావు. విచ్చుకుంటున్న పత్తిపువ్వు. మామను పిలిచింది. వెంకటయ్య మగ్గం గుంటలోంచి లేచి, చేతులు తుడుచుకుని, తెర ముందు నిలబడ్డాడు.

“ఊర్ల ఏడ జూసినా పత్తే. చీర మీద గూడ పత్తేనా?”

సుజాత తెర మీది బొమ్మను కొంచెం పెద్దది చేసింది. ఆయన కాసేపు చూశాడు.

“బాగనే ఉన్నది. ఎనక సూపియ్యి.”

“ఎనక లేదు మామా. గిది బొమ్మ.”

ఆయన నమ్మలేదు. మానిటర్ పక్కగా వంగి వెనక వైపు తొంగి చూశాడు. అక్కడ వైర్లు, కంపెనీ చీటీ ఉన్నాయి. “ఎనక లేని బట్ట ఎట్ల నేస్తరు?” అని వెళ్లి మళ్లీ మగ్గంలో కూర్చున్నాడు.

నాకు నవ్వొచ్చింది. సుజాతకు రాలేదు. అప్పుడు రమేశ్ చెప్పాడు. వీళ్ల మగ్గం మీద చీర మంచి వైపు కిందికి ఉంటుంది. నేసేవాడికి రోజంతా కనబడేది వెనక వైపే. మంచి వైపు చూడాలంటే చిన్న అద్దం కింద పెట్టి చూసుకోవాలి. ఆయన మోకాలి దగ్గర ఆ అద్దం ఉంది కూడా. వెంకటయ్యకు చీరలు తెలుసు, కానీ వెనక నుంచి తెలుసు. పైగా ఇదివరకు ఎవరో కంప్యూటర్‌లో గీసిచ్చిన అంచు ముందు నుంచి బ్రహ్మాండంగా ఉందట. వెనక జరీ పొడుగ్గా వేలాడి, కట్టుకున్నామె మెట్టెకు తగిలి తెగి, చీర తిరిగొచ్చిందట.

మగ్గం చప్పుడు ఆగకుండా వస్తోంది. ఆ చప్పుడు వచ్చిన ప్రతిసారీ పడుగు కొంచెం తగ్గుతోంది. సుజాత చాలాసేపు తెర వైపు చూసి, నన్ను ఒకటే అడిగింది. రెండో గదికి వేరే వాల్‌పేపర్ పెట్టొచ్చన్నవు గద సారు, ఖాయమేనా అని. ఖాయమన్నాను. నా జీవితంలో ఇంత ఉపయోగపడిన మాట ఇంకోటి గుర్తు రావడం లేదు.

ఆమె బొమ్మకు నకలు తీసింది. ఎడమ కుడి మార్చింది. ముందు జరీ కనబడే గళ్లు ఖాళీ చేసి, కనబడని చోటల్లా జరీ గీత గీసింది. బట్ట వెనక దారం ఎట్లా పోతుందో అట్లాగే. గీస్తూ గీస్తూ ఒకచోట ఆగింది. పువ్వుకూ పువ్వుకూ మధ్య గీత పొడుగ్గా వచ్చింది. నోట్లో ఏదో లెక్కపెట్టుకుని, మొదటి బొమ్మలోకి పోయి ఆ ఖాళీలో ఒక చిన్న ఆకు పెట్టింది. తిరిగొచ్చి వెనక గీత రెండు ముక్కలు చేసింది. ముందు బొమ్మ మొదటి గదికి వాల్‌పేపర్, వెనక బొమ్మ రెండో గదికి. తెర మీద అంచులు తప్ప ఇంకేమీ లేకుండా చేసింది. నేను పక్కన కుర్చీలో కూర్చుని టీ తాగాను. ఈ దశలో నా సహాయం అదే.

“రా మామా, మర్లేసి సూడు,” అంది.

వెంకటయ్య వచ్చాడు. మౌస్ పట్టుకోవడానికి చేయి పంచెకు రెండోసారి తుడుచుకున్నాడు. చక్రం మీద ఒక్క వేలు పెట్టి తిప్పాడు. బట్ట తిరగబడింది. మళ్లీ తిప్పాడు, పత్తిపువ్వు వచ్చింది. ముందు, వెనక, ముందు, వెనక. తర్వాత వెనక దగ్గర ఆగిపోయాడు. ముఖం తెరకు దగ్గరగా పెట్టాడు.

“నడుమ జాగ ఎక్కువున్నది. జరీ ఏలాడ్తది.”

“ఆకు పెట్టిన మామా. గీడ కట్టు పడ్తది, సూడు.”

ఆయన గోరు తెర మీద పెట్టి గడి గడి లెక్కపెట్టాడు. ఆకు దాకా వచ్చి ఆగి, మళ్లీ అక్కణ్ణుంచి పువ్వు దాకా. రమేశ్ మగ్గం ఆపేశాడు. 

వెంకటయ్య తన మగ్గం దగ్గరికి పోయి, స్టూలు లాక్కుని ఎక్కి, పైన వేలాడుతున్న పాత అట్టల దండకు కట్టిన తాడు విప్పడం మొదలుపెట్టాడు. దండ జారింది. పట్టుకోమన్నట్టు నా వైపు తల ఊపాడు. పరుగెత్తి పట్టుకున్నాను. అది అంత బరువుంటుందని నేను అనుకోలేదు.

“జర పైలం సారు. ఇరవై ఏండ్లు నడిచినయ్ అవి.”

ఇద్దరం దాన్ని మూలకు మోసుకుపోయి నేల మీద మడత మీద మడత పెట్టాం. దుమ్ముకు నాకు తుమ్ములొచ్చాయి. లేచి చూసేసరికి సుజాత మా వైపు చూడటం లేదు. మౌస్ చక్రం ఒకసారి అటు తిప్పింది, ఒకసారి ఇటు. అట్టలకు చిల్లులు కొట్టే ఆయనకు ఫోన్ కలిపి చెవికి పెట్టుకుంది. అవతల ఆయన ఎత్తేలోగా వెనక బొమ్మలో ఇంకో గడి దిద్దింది.